ప్రసారం కాని అరగంట

ఆ రేడియో స్టేషన్‌లో అందరూ ఆమెను ఫైలక్క అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల పట్టీలో ఉండేది. అక్కడా ఒకసారి ఒక అక్షరం తప్పు పడితే ఆరు నెలల దాకా ఎవరూ గమనించలేదు, ఆమెతో సహా. తనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఫైలక్కా అనే పిలిచేవాళ్ళు. చివరికి ఆమే ఫోనెత్తి "ఫైలక్కనండీ" అనే దాకా వచ్చింది.

స్టేషన్ ఊరి చివర మిట్ట మీద రెండంతస్తుల మేడ. పైన స్టూడియో, కింద ఆఫీసు, వెనకాల టవరు. మెట్ల కింద ఏటవాలు కప్పున్న గది ఆమెది. అందులో తల వంచకుండా నిలబడగలిగిన చోటు ఒక్కటే, తలుపు దగ్గర. ఒక బల్ల, ఒక కుర్చీ, తాళం పడే ఇనప బీరువా. మెట్ల మీద ఎవరు నడిచినా అడుగులు నెత్తిన పడేవి. ఏ అడుగు ఎవరిదో ఆమెకు కంఠతా వచ్చు.

బీరువాలో ఉండేదే ఫైలు.

గాలి ఎవరబ్బ సొత్తూ కాదు కాబట్టి, గాల్లోకి మాట వదలాలంటే ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. అది ఎల్లకాలానికీ ఇవ్వరు, ఎనిమిదేళ్ళకే ఇస్తారు. గడువు దగ్గరపడ్డాక మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. "ఈ ఎనిమిదేళ్ళూ మీ ఊరికి ఏం ఒరగబెట్టారు?" అని లైసెన్సుల శాఖ వాళ్ళు అప్పుడు అడుగుతారు. దానికి జవాబే ఆ ఫైలు. ఊళ్ళో జనం పడుతున్న ఇబ్బందులేమిటి, వాటి మీద ఏ తేదీన, ఏ వేళకి, ఎన్ని నిమిషాల కార్యక్రమం వేశారు, ఎవరు మాట్లాడారు అన్నది మూడు నెలలకోసారి జాబితాగా రాసి అందులో పెట్టాలి. పోనీ అది దాచుకునే ఫైలా అంటే కాదు. దారినపోయే ఎవరైనా సరే పనివేళల్లో లోపలికొచ్చి చూపించమంటే చూపించాలి. ఎందుకని అడగడానిక్కూడా వీల్లేదు.

పంతొమ్మిదేళ్ళలో అలా వచ్చినవాడు ఒకే ఒక్కడు. జోరున వాన కురుస్తుంటే లోపలికి దూరి, వాచ్‌మన్ గదమాయించేసరికి గోడ మీద "ఫైలు ఎవరైనా చూడవచ్చు" అన్న బోర్డు చదివి, "ఫైలు చూడాలి" అన్నాడు. ఫైలక్క సంబరపడిపోయి కుర్చీ వేసింది, టీ తెప్పించింది, పదకొండు సంపుటాలూ బల్లమీద పేర్చింది. అతను వాన తగ్గేదాకా పేజీలు తిప్పి, "బాగుంది, మీ చేతిరాత బాగుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం నిజం. ఆమె రాత ముత్యాలు పోసినట్టుండేది. మొదటి రెన్యువల్‌కి వచ్చిన శాఖ అధికారి కూడా, "ఇంత శుభ్రంగా రాసిన జాబితాలు నేనెక్కడా చూడలేదమ్మా" అన్నాడు.

స్టేషన్ పెట్టిన పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఆ జాబితాల వెనక నిజంగానే కార్యక్రమాలు ఉండేవి. సోమవారం పొద్దున్నే ఆయన ఆమెను పిలిచి, "చెప్పమ్మా, ఈ వారం ఊళ్ళో ఎవరేడుస్తున్నారు?" అనేవాడు. ఆమె కాగితం తీసి చదివేది. ఫలానా వీధిలో మురుగు పొంగింది. బడి కప్పు కారుతోంది. ఆస్పత్రిలో సూది మందు లేదు. పెద్దాయన వాటిలో రెండు ఏరి, ఆ వీధివాళ్ళనే స్టూడియోకి పిలిపించేవాడు. మైకు ముందు కూర్చోగానే సగంమంది నోరు పెగిలేది కాదు. అయినా ఆ నత్తినే ఊరంతా వినేది, ఒక్కోసారి మురుగు కూడా కదిలేది.

ఆమె ఉద్యోగంలో పదిహేనో ఏట పెద్దాయనకి పక్షవాతం వచ్చింది. వారసులు స్టేషన్‌ని అమ్మేశారు. కొన్నది నలభై స్టేషన్లున్న పెద్ద కంపెనీ. పాటలన్నీ రాజధాని నుంచి తీగ మీద రావడం మొదలైంది. ముగ్గురు అనౌన్సర్లలో ఇద్దరిని ఇంటికి పంపారు. స్టూడియోలో కుర్చీలు గోడకు చేరాయి. కొత్త మేనేజరు కుర్రవాడు, మాట మెత్తన. ఆ మూడు నెలల జాబితా కోసం ఖాళీ కాగితం పట్టుకుని ఫైలక్క వెళితే నవ్వాడు.

"ఇంకా ఇవి ఎందుకండీ? రెన్యువల్ నాలుగేళ్ళ తర్వాత కదా. అప్పుడు చూసుకుందాం."

"మూడు నెలలకోసారి రాయాలండీ సార్. రూల్లో ఉంది."

"రాయడానికి ఏం వేశాం మనం?"

ఆమె ఆ ఖాళీ కాగితం మడిచి తెచ్చేసుకుంది. తర్వాతి మూడు నెలలకి ఇంకోసారి అడిగింది. ఆ పైన అడగలేదు. ప్రకటనలు టైపు చేసే పని ఇచ్చారు, చేసుకుంటూ పోయింది. ఫైలు బీరువాలో ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది.

సరిగ్గా ఆ ఏడాదే అన్నయ్య సీసా తెచ్చాడు.

అన్నయ్య ఆమెకన్నా పదకొండేళ్ళు పెద్ద. తండ్రి పోయిన ఏడాది బడి మానేసి చేతిపంపులు బాగుచేసే పనిలోకి దిగాడు. చెల్లెల్ని చదివించింది ఆ చేతులే. టైపు నేర్పించింది, ఈ ఉద్యోగం ప్రకటన పేపర్లో చూసి సైకిల్ మీద మిట్టెక్కించి తీసుకొచ్చింది కూడా ఆయనే. వదినతో, ఇద్దరు కూతుళ్ళతో ఊరికి దిగువన, రంగుల ఫ్యాక్టరీ వెనక వీధిలో ఉండేవాడు. ఫైలక్క పెళ్ళి చేసుకోలేదు. స్టేషన్‌కి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుని, ఆదివారాలు మాత్రం అన్నయ్య ఇంట్లో గడిపేది.

ఆ రోజు ఆయన మెట్ల కింది గదిలోకి తల వంచుకుని వచ్చి, బల్లమీద ఒక గాజు సీసా, ఒక తోలు వాషరు పెట్టాడు. సీసాలో నీళ్ళు. వెలుతురుకు పట్టి చూస్తే అడుగున లేత ఊదా రంగు కనబడుతోంది.

"వాషరు చూడు. ముప్పై ఏళ్ళుగా మారుస్తున్నాను, ఇలా పొరలు పొరలుగా ఊడి రావడం ఎప్పుడూ చూళ్ళేదు. మా వీధిలో నాలుగు పంపులదీ ఇదే వరస."

"ఫ్యాక్టరీ నీళ్ళా?"

"ఏమో, నేనేమన్నా డాక్టర్నా? చూసే వాళ్ళెవరన్నా చూడాలి. మీ రేడియోలో ఓ మాట చెప్పించవే. మీ పెద్దాయనైతే ఈపాటికి నన్ను మైకు ముందు కూర్చోబెట్టేవాడు."

ఆమె సీసా తీసుకుని మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కిటికీలో పెట్టి, నీళ్ళు నమిలాడు. బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా పాటలు సమర్పించేది ఆ రంగుల ఫ్యాక్టరీవాళ్ళే. స్టేషన్‌కి అంతకన్నా పెద్ద ప్రకటనదారు లేడు.

"పై ఆఫీసుని కనుక్కుంటాను," అన్నాడు.

కనుక్కోలేదు. సీసా ఆ కిటికీలో రెండు నెలలుండి, ఒక రోజు కనబడలేదు. అన్నయ్య రెండు ఆదివారాలు అడిగి, చెల్లెలు తల దించుకోవడం చూసి మూడో ఆదివారం మానేశాడు.

నాలుగేళ్ళు గడిచాయి. రెన్యువల్ ఏడాది వచ్చింది. లైసెన్సు గడువు ఫలానా తేదీతో ముగుస్తోందనీ, అభ్యంతరాలున్నవాళ్ళు శాఖకు రాసుకోవచ్చనీ రేడియోలో నెలకు రెండుసార్లు చదివి వినిపించాలి. రెండు పాటల మధ్య మిగిలిన అనౌన్సరు ఊపిరి తీసుకోకుండా చదివేసేవాడు. విన్నవాడికి మందుల సీసా మీది సన్నక్షరాలు గుర్తొచ్చేవి.

అప్పుడు మేనేజరు ఫైలక్కను పిలిచి తలుపు వేశాడు.

"జాబితాలు పదహారు తక్కువున్నాయట. కంపెనీ లాయరు గోల పెడుతున్నాడు. మీరు రాసేయండి."

"ఏం రాయమంటారు? కార్యక్రమాలు లేవుగా."

"ఫైలక్కా, మీకు తెలీని సమస్య ఈ ఊళ్ళో ఉందా? పెద్దాయన దగ్గర పదిహేనేళ్ళు రాశారు. అలాగే రాయండి. ఎవరు చూడొచ్చారు గనక? ఇన్నేళ్ళలో వానకి తడిసినవాడొక్కడేగా!" కథ ఆయన దాకా కూడా చేరింది. "లైసెన్సు పోతే మీదీ పోతుంది, నాదీ పోతుంది. ఉన్నది పన్నెండుమందిమి."

ఏదీ కాగితం మీద చెప్పలేదు. ఆ సంగతి ఆమెకు చాలా తర్వాత తట్టింది.

నాలుగు పగళ్ళు కూర్చుని రాసింది. మొదటి రోజు రెండు కాగితాలు చింపేసింది. రెండో రోజుకి చెయ్యి అలవాటు పడింది. మూడో రోజున, ఎవరికీ చెప్పుకోలేని సంగతి, ఆమెకు రాయడం బాగున్నట్టనిపించింది. వీధి దీపాల మీద పదిహేను నిమిషాలు. బడి మానేసిన పిల్లల మీద ఇరవై నిమిషాలు, మాట్లాడినవారు ఒక పంతులమ్మ. పెద్దాయన ఉండి ఉంటే ఏమేం వేసేవాడో అవన్నీ వేసింది. కుర్చీలు గోడకు చేరిన స్టూడియోలో, కాగితం మీద నాలుగేళ్ళ పాటు జనం వచ్చి మాట్లాడిపోయారు.

కంపెనీ చేతికొచ్చిన మొదటి ఏడాది జాబితా దగ్గర కలం ఆగింది. అన్నయ్య సీసా తెచ్చిన రోజు ఆమెకు తేదీతో సహా గుర్తుంది. ఆ తర్వాతి బుధవారం తేదీ వేసి రాసింది: "సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర. రంగుల ఫ్యాక్టరీ వెనక వీధిలో తాగునీటి కాలుష్యం. చేతిపంపుల మేస్త్రీతో ముఖాముఖి. ఆ నీరు తాగరాదని, తాగినవారికి మూత్రపిండాల జబ్బు రావచ్చని వైద్యుల సలహా." బుధవారం ఆరు గంటలంటే ఫ్యాక్టరీవాళ్ళ పాటల వేళ. కావాలనే ఆ వేళ వేసింది. రాతలోనైనా వాళ్ళ అరగంట లాక్కున్నానని ఆ సాయంత్రం గదికి నడుస్తూ లోలోపల నవ్వుకుంది కూడా.

అభ్యంతరం ఒక్కటీ రాలేదు. లైసెన్సు ఎనిమిదేళ్ళకు రెన్యువల్ అయింది. మేనేజరు అందరి ముందూ "మన ఫైలక్క లేకపోతే మనం లేం" అన్నాడు. పన్నెండుమందీ చప్పట్లు కొట్టారు. ఆమె మొహమాటపడింది.

ఆ సమయానికే దిగువ వీధిలో తొమ్మిదిమందికి మూత్రపిండాలు దెబ్బతిని ఉన్నాయి. అందులో అన్నయ్య ఒకడు. అంతకు ముందు ఏడాది ఆస్పత్రివాళ్ళు నీళ్ళు పరీక్ష చేయించి ఇది ఫ్యాక్టరీ రంగు మందని తేల్చారు. వీధివాళ్ళంతా కలిసి ఫ్యాక్టరీ మీద కేసు వేశారు. అన్నయ్య వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో రక్తం శుభ్రంచేసే మిషన్‌కి తగిలించుకుని పడుకునేవాడు. చెల్లెలు వెళ్ళి పక్కన కూర్చునేది. "పంపు నేను బాగుచేసేవాణ్ణి, ఇప్పుడు నన్ను పంపు బాగుచేస్తోంది," అని ఆయన జోకులేస్తే నర్సులు కూడా నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం వదిన స్టేషన్‌కి వచ్చింది. ఆ మిట్టెక్కడం ఆమెకదే మొదటిసారి. వదిన పెద్దగా చదువుకోలేదు, అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. చేతిలో ఒక జిరాక్సు కాగితముంది. దాన్ని బల్లమీద పరిచి, అరచేత్తో మడతలు సాపు చేసింది.

"ఇది నీ రాతేనా?"

ఫైలక్క కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "ఎక్కడిది వదినా?"

"నీ రాతేనా అని అడిగాను."

"నాదే."

"కోర్టులో ఫ్యాక్టరీ లాయరు ఇచ్చాడు. లైసెన్సుల శాఖ దగ్గర నకలు తీయించాడట. జబ్బుకి కారణం తెలిసిన మూడేళ్ళలోపు కేసు వెయ్యాలట. మాకు నిరుడే తెలిసిందని మేమన్నాం. కాదు, నాలుగేళ్ళ కిందటే రేడియోలో ఊరందరికీ చెప్పారు, ఆ నీళ్ళు తాగొద్దని డాక్టరు కూడా చెప్పాడు, తెలిసే తాగారు అంటున్నాడు వాడు. కేసు వేసిన మేస్త్రీయే ఆ రోజు మాట్లాడాడు, ఇదిగో ప్రభుత్వానికిచ్చిన కాగితం, అంటున్నాడు." వదిన గొంతు పెంచలేదు. "మీ అన్నయ్య ఎప్పుడు మాట్లాడాడు? నేను వినలేదే. ఆ రేడియో మా ఇంట్లో పొద్దస్తమానం మోగుతుంది, నీ ఉద్యోగమని."

ఫైలక్క చెప్పింది. మేనేజరు రాయమన్నది, పదహారు జాబితాలు, నాలుగు రోజులు. వదిన అంతా విని, కాగితం మడిచి రవికెలో దోపుకుని లేచింది.

"అయితే ఆ ముక్క వచ్చి జడ్జిగారి ముందు చెప్పు. అంతే."

"చెబుతాను వదినా. కాస్త వ్యవధి ఇవ్వు."

ఆ సాయంత్రం ఆస్పత్రిలో ఆమె అన్నయ్య మొహం చూడకుండా దుప్పటి సర్దుతూ కూర్చుంది. ఆయనే పలకరించాడు. "ఏమే, నన్ను రేడియోలో మాట్లాడించావట?"

ఆమె ఏడ్చేసింది.

"బాగా మాట్లాడానా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆ రోజే కాదు, తర్వాతెప్పుడూ ఆయన దాని గురించి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆమె చాలాసార్లు అనుకుంది.

మర్నాడు మేనేజరు దగ్గరకు వెళ్ళింది. ఆయన తలుపు వేయలేదు ఈసారి. బయటున్నవాళ్ళకి వినబడేలాగే మాట్లాడాడు.

"మీ రికార్డుల్లో ఉన్నది తీసి జాబితా చెయ్యమన్నాను. కల్పించి రాయమని నేనన్నానా? ఏదీ, చూపించండి?" అని, మళ్ళీ మెత్తబడ్డాడు. "అక్కా, లైసెన్సు దరఖాస్తులో తప్పుడు కాగితం పెట్టడం నేరం. రాసింది మీరు. సంతకం మీది. మీరు నోరు మెదిపితే మొదట జైలుకి పోయేది మీరే. మీ అన్నయ్యగారి కేసుకి ఈ ఒక్క కాగితమే దిక్కా? వాళ్ళ లాయరు చూసుకుంటాడులెండి."

భయమేసింది. నిజంగానే భయమేసింది. కోర్టు మెట్లు, పోలీసు, పేపర్లో పేరు, అద్దె గది యజమాని మొహం అన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి. వదిన కబురు పంపితే జ్వరమంది. తర్వాతి వాయిదాకి లైసెన్సుల శాఖ వాళ్ళను కనుక్కుని వస్తానంది. నిజంగానే వెళ్ళింది. అక్కడి గుమాస్తా కళ్ళద్దాల పైనుంచి చూసి, "అభ్యంతరాల గడువు రెన్యువల్‌కి ముందేనమ్మా. ఇప్పుడు లైసెన్సు ఎనిమిదేళ్ళ పాటు నడుస్తుంది. కోర్టు ఏదన్నా చెబితే అప్పుడు రండి," అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంకో నెల గడిపేసింది. ఇలా చూద్దాం, చేద్దాం అంటూ ఐదు నెలలు పోయాయి. ఆ ఐదు నెలలూ రోజూ మెట్ల కింద కూర్చుని, నెత్తిమీద అడుగులు వింటూ, ప్రకటనలు టైపు చేసింది. అందులో రంగుల ఫ్యాక్టరీవీ ఉన్నాయి.

ఆరో నెలలో అన్నయ్య చిన్నకూతురు వచ్చి, "నాన్న మనుషుల్ని గుర్తుపట్టడం లేదు అత్తా," అంది. ఆ వారమే ఆమె కోర్టుకి వెళ్ళింది.

ఫ్యాక్టరీ లాయరు ఆమెను ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఈ జాబితా ప్రభుత్వానికి ఇచ్చినప్పుడు ఇందులో రాసింది నిజమని సంతకం చేశారా?"

"చేశాను."

"ఇప్పుడు అబద్ధమంటున్నారు."

"అవునండీ."

"అప్పుడు ఎందుకు రాశారు? ఉద్యోగం కోసం?"

"అవును."

"ఇప్పుడు ఎందుకు చెబుతున్నారు? అన్నయ్య కోసం?"

ఆమె తలూపింది.

"ఎవరికోసమన్నా అబద్ధమాడే మనిషి మాట, ఏ రోజుది నమ్మమంటారండీ?" అని ఆయన కూర్చున్నాడు. కోర్టు హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు స్టేషన్ రోజువారీ ప్రసారాల పుస్తకం తెప్పించమన్నారు. రూలు ప్రకారం ఆ పుస్తకాలు రెండేళ్ళే ఉంచాలి. ఆ తర్వాత చింపేసి, చింపామని సంతకం పెట్టాలి. ఆ ఏడాది పుస్తకం చింపి సంతకం పెట్టింది కూడా ఫైలక్కే. ఆ కాగితం మాత్రం భద్రంగా ఉంది.

బయట వరండాలో వీధివాళ్ళ లాయరు తల పట్టుకున్నాడు. "వీధివాళ్ళెవరు చెప్పినా వాళ్ళ స్వార్థమంటారు. మీ మాటా ఎగిరిపోయింది. ఆ అరగంట రేడియోలో ఇంకేదో వచ్చిందని కాగితం మీద ఎక్కడన్నా ఉందా?"

అప్పుడు తట్టింది ఆమెకు. ఆ రోజుల్లో ఊరి వారపత్రిక చివరి పేజీలో రేడియో కార్యక్రమాలు వేసేవారు. గ్రంథాలయానికి పరుగెత్తింది. పాత పత్రికలు బైండు చేసి పై అంతస్తులో పెట్టారట, నిచ్చెన కావాలి, నిచ్చెన రిపేరులో ఉంది. మూడు రోజులు తిరిగింది. నాలుగో రోజు కుర్చీ మీద బల్ల, బల్ల మీద స్టూలు వేసుకుని తనే ఎక్కి దించుకుంది. దుమ్ముకి తుమ్ముతూ తిప్పుతుంటే ఆ వారం దొరికింది. బుధవారం, సాయంత్రం ఆరు: రంగుల ఫ్యాక్టరీ వారు సమర్పించు పాటలు. దాని పక్కనే ఫ్యాక్టరీ ప్రకటన కూడా ఉంది: "ఈ బుధవారం మా పాటలు తప్పక వినండి."

తమ పాటలు వచ్చిన వేళ తమ మీదే కార్యక్రమం వచ్చిందని ఫ్యాక్టరీవాళ్ళు ఎలా చెప్పుకొచ్చారని జడ్జిగారు అడిగితే వాళ్ళ లాయరు వాయిదా కోరాడు. తర్వాత ఇంకొకటి. ఆ పైన కోర్టు సెలవులు. ఆఖరుకి ఆ జాబితా చెల్లదని, వీధివాళ్ళ కేసు గడువులోనే ఉందని తీర్పు రావడానికి, అది కోర్టులో పడ్డ రోజు నుంచి పద్నాలుగు నెలలు పట్టింది. అన్నయ్య దానికి రెండు నెలల ముందే చనిపోయాడు.

కోర్టు తీర్పు నకలు లైసెన్సుల శాఖకు వెళ్ళింది. ఇద్దరు అధికారులు వచ్చి, ఇనప బీరువా తెరిపించి పదహారు జాబితాలూ పట్టుకెళ్ళారు. తమ గుమాస్తా తన ఇష్టానుసారం కల్పించి రాసిందనీ, ఆమెను నమ్మి మోసపోయామనీ, ఇప్పటికే ఆమెను ఉద్యోగంలోంచి తీసేశామనీ కంపెనీ రాసిచ్చింది. శాఖ కంపెనీని మందలించి, ఎనిమిదేళ్ళ గడువును రెండేళ్ళకు కుదించింది. మేనేజరుకి అప్పటికే ఇంకా పెద్ద ఊరికి బదిలీ అయింది. ఫైలక్క మీద కేసు పెట్టలేదు. ఆమె అంత ముఖ్యమైన మనిషి కాదని ఉత్తర్వులో వేరే మాటల్లో రాసి ఉంది.

ఆమె కోర్టు ఎదురుగా ఒక జిరాక్సు షాపులో చేరింది. అర్జీలు, దరఖాస్తులు రాసిపెడుతుంది. రెండేళ్ళు తిరిగేసరికి స్టేషన్ మళ్ళీ రెన్యువల్‌కి పెట్టుకుంది. ఈసారి ఆమె గడువులోనే, నాలుగు పేజీల అభ్యంతరం రాసి పంపింది. స్టూడియోలో కుర్చీలు ఇంకా గోడకే ఉన్నాయని, ఊరి మాట ఒక్కటీ గాల్లోకి పోవడం లేదని తేదీల వారీగా రాసింది. శాఖ నుంచి కార్డు వచ్చింది: "మీ ఉత్తరం అందినది, పరిశీలించడమైనది." లైసెన్సు పూర్తి ఎనిమిదేళ్ళకూ ఇచ్చారు. ఈ రెండేళ్ళలో జాబితాలు ఒక్కటీ తప్పలేదట. ఇప్పుడవి రాజధాని నుంచే టైపై వస్తున్నాయి.

వీధివాళ్ళ అసలు కేసు ఇంకా నడుస్తోంది. నెలకో రెన్నెళ్ళకో వదినకి కోర్టు కాగితమొకటి వస్తుంది. కోర్టు భాష వదినకి కొరుకుడు పడదు. కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళయి దూరాన ఉన్నారు. అందుకని కబురు పంపుతుంది. ఫైలక్క షాపు నుంచి అటే వెళుతుంది. వదిన కుర్చీ వేస్తుంది, మంచినీళ్ళిస్తుంది, కాగితం చేతికిస్తుంది. మరో మాటుండదు.

ఒకసారి మాత్రం ఫైలక్క ఉండబట్టలేక, "నన్ను నాలుగు తిట్టరాదా వదినా," అంది.

"తిడితే ఏమొస్తుంది? నువ్వు రాసింది కొట్టేయించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందులో ఐదు నీవి," అంది వదిన. "చదువు."

ఆమె చదువుతుంది. ఒక్కో మాట నిదానంగా, అర్థం చెబుతూ, తేదీలు రెండేసిసార్లు చదువుతుంది. వదిన గుమ్మానికి ఆనుకుని శ్రద్ధగా వింటుంది. అయిపోయాక కాగితం తీసుకుని మడిచి, ఫైలక్క ఇంకా చెప్పులు తొడుక్కుంటూ ఉండగానే, పక్కింటి టీచరమ్మ దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదటినుంచీ చదివించుకుంటుంది.